జామ్ బిస్కెట్టులో జామ ఎంత?

చిన్నప్పుడు నాకు జామ్ అంటే జామపండే. రెండు బిస్కెట్ల నడుమ తెల్లటి క్రీము, పై బిస్కెట్టుకు నడిమధ్యన గుండ్రటి బొక్క, ఆ బొక్కలో ఎర్రగా మెరిసే చుక్క, పైన చక్కెర పలుకులు. ఎర్రకండ జామకాయ కొరికినా లోపల అదే రంగు కదా! 'జామ' చివర ఒక పొల్లు తగిలిస్తే ఇంగ్లీషు అయిపోయింది, అంతే అనుకున్నా. మా అవ్వకు కూడా ఆ లెక్కలో అనుమానం లేదు. "జామకాయ పెట్టి చేసినారంట, ఒంటికి మంచిదే, తిను నాయనా" అని కొంగుముడి విప్పి చిల్లర తీసేది.

ఇంగ్లీషులో జామ్ అంటే అదమడం, కుక్కడం అని తెలిసేసరికి హైస్కూలు దాటిపోయాను. పండ్లను నలగ్గొట్టి చక్కెరతో ఉడికించిన ముద్దకు ఆ పేరు 18వ శతాబ్దంలో స్థిరపడింది. మన జామచెట్టుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా మా అవ్వ నమ్మకం మా అవ్వతో పోలేదు. మామూలు బిస్కెట్టు కన్నా క్రీము బిస్కెట్టు మేలు, దానికన్నా పండున్న జామ్ బిస్కెట్టు ఇంకా మేలు అని లెక్కవేసి రెండు రూపాయలు ఎక్కువ పెట్టి కొనిచ్చేవాళ్లను నేను ఇప్పటికీ చూస్తున్నా. ఆ లెక్క ఎంతవరకు నిజమో ఒక బిస్కెట్టు విప్పి చూద్దాం.

విప్పేముందు మా ఊరి మాట కొంచెం. గుంతకల్లు నుంచి ఆదోని మీదుగా రాయచూరు పోయే రైలు దారిలో ఉంది ఆస్పరి. చుట్టూ నల్లరేగడి. పత్తి, జొన్న, పప్పుశనగ, కొర్ర, టమోటా. వాన పడితే పంట, పడకపోతే సుగ్గి. మా పడమటి మండలాల్లో సుగ్గి అంటే పండుగ కాదు, వలస. ఇల్లు తాళం పెట్టి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి పోవడం. పిల్లల్ని వెంట తీసుకుపోలేనివాళ్లు అవ్వ దగ్గర వదిలిపోతారు. ఊళ్లో ఉన్నవాళ్లు కూడా కూలికి తెల్లవారకముందే బయలుదేరాలి. పొయ్యి రాజేసి రొట్టె తట్టే తీరిక దొరకని పొద్దున, పిల్లవాడి చేతిలో పడేది ఒక నాణెం. బడి గంట కొట్టేలోగా ఆ నాణెం అంగట్లో ప్యాకెట్టు అవుతుంది. కాబట్టి ఇక్కడ బిస్కెట్టు మధ్యాహ్నం నాలుగింటి సరదా కాదు, చాలా ఇళ్లలో పొద్దుటి తిండి. దాని పోషక విలువ గురించి మాట్లాడుకోవడానికి నాకు కనిపించే కారణం ఇదొక్కటే.

ఇప్పుడు బిస్కెట్టు. పైదీ కిందదీ పట్టుకుని కొంచెం తిప్పి లాగండి, విడిపోతుంది. క్రీము ఒకవైపే అంటుకుని వస్తుంది. జామ్ చుక్కను చూడండి. అది చాలావరకు క్రీము నడుమే కూర్చుని ఉంటుంది, బిస్కెట్టు పిండికి తగిలే చోటు తక్కువ. ఆ ఏర్పాటు అందానికి కాదు. పొయ్యిలోంచి బయటికి వచ్చిన బిస్కెట్టులో నీరు 2, 3 శాతానికి మించి ఉండదు. కరకరలాడేది అందుకే. జామ్‌లో నీరు దానికి ఎన్నో రెట్లు. రెండింటినీ పక్కపక్కన పెడితే నీరు ఎక్కువున్న చోటు నుంచి ఎండుగా ఉన్న చోటికి నడుస్తుంది. వానాకాలం డబ్బా మూత తెరిచిపెట్టిన బొరుగులు సాయంత్రానికి సాగినట్టు, జామ్ పక్కనున్న బిస్కెట్టు కూడా వారంలో మెత్తబడాలి. మెత్తబడదు, ఎందుకంటే నడుమ క్రీము ఉంది. పేరుకు క్రీమేగానీ అందులో పాలమీగడ ఏమీ ఉండదు. అది నూనెలో కలిపిన చక్కెర పొడి. నీళ్లు లేని ఆ ముద్ద జామ్ చుట్టూ కట్టిన గోడ.

గోడ ఒక్కటే చాలదు, జామ్ తన నీటిని తానే పట్టి ఉంచుకోవాలి. అందుకని దాన్ని ఇంట్లో చేసే జామ్ కన్నా బాగా చిక్కగా ఉడికిస్తారు. చక్కెరతోపాటు మొక్కజొన్న పిండి నుంచి తీసిన గ్లూకోజు పాకం, ఇన్వర్ట్ పాకం కలుపుతారు. ఇన్వర్ట్ పాకం అంటే భయపడాల్సిందేమీ లేదు. మనవాళ్లు మిఠాయిలకు చక్కెర పాకం పడుతూ, పలుకులు కట్టకుండా రెండు చుక్కల నిమ్మరసం పిండుతారు చూడండి, అదే పని. పులుపు తగిలితే చక్కెర అణువు రెండుగా విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. ఆ మిశ్రమం పలుకు కట్టదు, నీటిని గట్టిగా పట్టుకుంటుంది. జామ్ చుక్క నెలల తరబడి మెరుస్తూ ఉండటం వెనక ఉన్నది పండు మహిమ కాదు, ఈ పాకం మహిమ.

ఆ చుక్క జారిపోకుండా నిలబెట్టేది పెక్టిన్. మొక్కల కణాలను ఒకదానికొకటి అతికించే జిగురు అది. పులుపూ, చక్కెరా తగినంత ఉంటే పెక్టిన్ పోగులు ఒకదానికొకటి చిక్కుపడి వల అల్లుకుంటాయి, ఆ వలలో పాకం ఇరుక్కుంటుంది. తమాషా ఏమిటంటే పెక్టిన్ దండిగా ఉన్న పండ్లలో మన జామ ఒకటి. జామ జెల్లీ అందుకే అంత చక్కగా పేరుకుంటుంది. అంటే మా అవ్వ చెప్పినట్టు జామకాయతో ఆ బిస్కెట్టు చేసినా బ్రహ్మాండంగా కుదిరేది. చేయరు, అంతే.

మరి పండు ఎంత? మన దేశంలో సీసాలో జామ్ అని పేరుపెట్టి అమ్మాలంటే మామూలు పండ్లకైతే అందులో 45 శాతానికి తగ్గకుండా పండు ఉండాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం. కరిగిన పదార్థం, అంటే ముఖ్యంగా చక్కెర, 65 శాతానికి తగ్గకూడదు. ఇది సీసా జామ్ సంగతి. బిస్కెట్టులో చుక్కకు కూడా అంతే పండు ఉందని ధర్మంగా ఒప్పేసుకుందాం. బిస్కెట్టు బరువు పది గ్రాములు, చుక్క బరువు గ్రాము అనుకుందాం. పండు అర గ్రాము కూడా లేదన్నమాట. వంద గ్రాముల జామకాయకు సరిపడా పండు కడుపులో పడాలంటే రెండు వందలకు పైగా బిస్కెట్లు తినాలి. అవి రెండు కిలోలు. వాటితోపాటు దాదాపు ముప్పావు కిలో చక్కెర లోపలికి పోతుంది.

పోనీ ఆ అర గ్రాము పండైనా పండులా ఉంటుందా అంటే, విటమిన్ సి వేడికి, గాలికి నిలిచేది కాదు. నూరు డిగ్రీలు దాటి ఉడికి, నెలలు అరలో కూర్చున్నాక మిగిలేది లెక్కకు రాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల పచ్చి జామపండులో విటమిన్ సి 200 మిల్లీగ్రాములకు పైనే. పెద్ద మనిషికి రోజుకు కావలసింది 80. పీచు ఎనిమిది గ్రాముల పైచిలుకు. ఆదోని బస్టాండు దగ్గర ఉప్పూకారం చల్లి ఇచ్చే జామకాయ ముందు ఈ చుక్క నిలబడే పందెమే కాదు.

ఎరుపు సంగతి కూడా చెప్పేస్తాను. ఉడికిన పండు ముదురు రంగుకు తిరుగుతుంది, అంత ముద్దుగా మెరవదు. లేబులు మీద ఐఎన్‌ఎస్ 122 అని ఉంటే కార్మోయిసిన్, 129 అని ఉంటే అల్యూరా రెడ్. రెండూ మన దగ్గర పరిమితికి లోబడి అనుమతి ఉన్న కృత్రిమ రంగులే. ఐరోపా దేశాల్లో మాత్రం 2010 నుంచి వీటిని వాడితే 'పిల్లల చురుకుదనం, ఏకాగ్రత మీద ప్రభావం ఉండవచ్చు' అని ప్యాకెట్టు మీద హెచ్చరిక రాయాలి. కొన్ని కంపెనీలు బీట్‌రూట్ రంగు వంటివి వాడతాయి. ఏది వాడారో అంకె చూస్తేనే తెలుస్తుంది.

చుక్క కథ అయింది, మిగతా తొమ్మిది గ్రాములు చూద్దాం. కంపెనీ కంపెనీకీ కొద్ది తేడా ఉన్నా, ఈ తరహా జామ్ క్రీము బిస్కెట్లు వంద గ్రాములు తీసుకుంటే శక్తి 480 కేలరీలకు అటూఇటూ. చక్కెర 35 గ్రాముల చిల్లర. కొవ్వు 19 గ్రాముల దరిదాపు, అందులో సగం సంతృప్త కొవ్వు. మాంసకృత్తులు ఐదు. చక్కెరనూ కొవ్వునూ కలిపి చూడండి, బరువులో సగం దాటింది! బిస్కెట్టు అంటే పిండివంట అనుకుంటాం కదా, ఇక్కడ పిండిది మైనారిటీ.

ఆ పిండి కూడా మైదా. గోధుమ గింజకు పైన తవుడు, మూలన మొలక, నడుమ తెల్లటి పిండి. పీచూ, ఇనుమూ, బి విటమిన్లూ ఎక్కువగా పైపొరల్లోనూ మొలకలోనూ ఉంటాయి. మైదా పట్టేటప్పుడు పోయేవి సరిగ్గా అవే. పైన చెప్పిన పట్టికల్లోనే చూస్తే వంద గ్రాముల గోధుమపిండిలో పీచు 11 గ్రాములు, మైదాలో మూడు గ్రాములకన్నా తక్కువ. ఇనుము 4 మిల్లీగ్రాముల నుంచి 1.8కి దిగిపోయింది. మాంసకృత్తుల్లో పెద్ద తేడా లేదు, అది మైదా పక్షాన ఒప్పుకోవాలి. అయితే చక్కెరతో కలిసి ఎర్రగా కాలేటప్పుడు, గోధుమలో ముందే కొరతగా ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లం కొంత నష్టపోతుంది. ఆ కమ్మటి వాసన, పసుపు గోధుమ రంగు ఆ నష్టం తాలూకు గుర్తులే.

దీన్ని మా ఊరి కంచం పక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. వంద గ్రాముల జొన్నపిండితో రెండు రొట్టెలు వస్తాయి. కేలరీలు 334. మాంసకృత్తులు పది గ్రాములు, పీచు పది గ్రాములు, ఇనుము నాలుగు మిల్లీగ్రాములు, చక్కెర ఉందా అంటే లేనట్టే లెక్క. అవే 334 కేలరీలు బిస్కెట్ల రూపంలో రావాలంటే 70 గ్రాములు, అంటే ఏడు బిస్కెట్లు. మాంసకృత్తులు మూడున్నర గ్రాములు. చక్కెర పాతిక గ్రాములు, ఐదారు చెంచాలు. రొట్టెలో చెనిక్కాయల పొడో, ఇంత పప్పో, గోంగూరో అద్దుకుంటాం కాబట్టి ఆ పక్కన తూకం ఇంకా పెరుగుతుంది. బిస్కెట్టును టీలో అద్దుకుంటాం, దానివల్ల ఇంకో చెంచా చక్కెర చేరుతుంది. పైగా టీలోని వగరు పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చూసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎదుగుదల గిడసబారినవాళ్లు 31 శాతం. ఇనుము కరువున్న ఇంట్లో పొద్దుటిపూట తిండి ఇనుము లేనిదైతే ఆ కరువు తీరే దారేది?

(అద్దుకోవడం మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. బిస్కెట్టును టీలో ఎంతసేపు ముంచితే విరిగి పడకుండా ఉంటుందో లెక్కగట్టినందుకు లెన్ ఫిషర్ అనే శాస్త్రవేత్తకు 1999లో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. సన్నటి రంధ్రాల్లోకి ద్రవం ఎగబాకే సూత్రమే దానికి ఆధారం. జామ్ బిస్కెట్టుతో ఆ పని చేస్తే క్రీము కరిగి టీ మీద నూనె తేలుతుంది, నేను చూశాను. ముంచడానికి గ్లూకోజు బిస్కెట్టే సరి.)

నూనె అన్నాను కదా. ఒక బిస్కెట్టు క్రీమును పాత పేపరు మీద రుద్ది, ఆ పేపరును వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. బజ్జీలు చుట్టి ఇచ్చిన పేపరులా అవతలివైపు కనిపిస్తుంది. అది చాలావరకు పామాయిల్. కంపెనీలు దాన్నే ఎందుకు పట్టుకుంటాయంటే ధర ఒక్కటే కారణం కాదు. మా ఆదోని మిల్లుల్లో ఆడే చెనిక్కాయ నూనె మామూలు వేడికి ద్రవంగానే ఉంటుంది, క్రీము నిలబడదు. క్రీముకు కావలసిన నూనె అంగడి అరలో గట్టిగా ఉండాలి, నోటి వేడికి అంటే 37 డిగ్రీలకు కరగాలి. ఈ రెండింటి మధ్య సందు చాలా ఇరుకు. ఒకప్పుడు ఆ పని వనస్పతి చేసేది, దానితోపాటు గుండెకు చేటుచేసే ట్రాన్స్ కొవ్వు కూడా వచ్చేది. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం మించకూడదన్నారు. ఆ విషయంలో ఇవాళ్టి బిస్కెట్టు నా చిన్ననాటి బిస్కెట్టు కన్నా మంచిదే. పామాయిల్‌లో ట్రాన్స్ కొవ్వు పెద్దగా ఉండదు గానీ సగం సంతృప్త కొవ్వు. దాన్ని దినసరి కేలరీల్లో పదో వంతు దాటనివ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఆ ఇరుకు సందు మా ఊరి మే నెలకు సరిపోదు. బయట 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల కప్పు కింద అంగడి అంతకన్నా ఉడుకు. మధ్యాహ్నం ప్యాకెట్టు చించితే క్రీము కారి, పై బిస్కెట్టు పక్కకు జారి, జామ్ చుక్క ప్లాస్టిక్కుకు అంటుకుని ఉంటుంది. రాత్రి చల్లబడ్డాక క్రీము మళ్లీ గట్టిపడుతుంది, ఈసారి గరుకు పలుకులుగా. కొవ్వు ఒకసారి కరిగి తీరుబడిగా గడ్డకడితే పెద్ద స్ఫటికాలు కడుతుంది, నాలుకకు తగిలేవి అవే. చెడిపోయినట్టు కాదు. నీటి గోడ మాత్రం కూలిపోయినట్టే, అలాంటి ప్యాకెట్టులో బిస్కెట్లు మెత్తగా ఉండటం అందుకే.

పళ్ల సంగతికి వస్తే జామ్ బిస్కెట్టు మామూలు బిస్కెట్టు కన్నా ఒక మెట్టు ఎక్కువే. నమిలిన బిస్కెట్టు పిండి దవడ పళ్ల గాళ్లలో ఇరుక్కుంటుంది, పాకం దాన్ని అక్కడే అతికిస్తుంది. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లం వదులుతాయి. పంటి మీద పీహెచ్ ఐదున్నరకు దిగితే పింగాణి పొర కరగడం మొదలు. లాలాజలం దాన్ని సరిచేయడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. స్వీడన్‌లో 1940లలో విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో మానసిక ఎదుగుదల లేని రోగుల మీద, వాళ్లకు చెప్పకుండానే ఏళ్ల తరబడి పరీక్షలు చేశారు. ఇవాళైతే ఎవరూ ఒప్పుకోని పని. తేలిందేమిటంటే, పళ్లు పుచ్చడానికి ఎంత తీపి తిన్నారన్నదాని కన్నా, అంటుకునే తీపి భోజనాల నడుమ ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. బడి గంటకూ గంటకూ నడుమ జేబులోంచి ఒక్కొక్కటీ తీసి తినే మా పిల్లల పద్ధతి, పళ్ల లెక్కలో, ప్యాకెట్టు ఒకేసారి తినేయడం కన్నా చెడ్డది.

ఒక్కటి తిని ఆపలేకపోవడం పిల్లల తప్పా? ప్రకృతిలో తీపీ కొవ్వూ ఒకేచోట ఇంత దండిగా దొరకవు. పండులో తీపి ఉంటుంది, కొవ్వు ఉండదు. బుడ్డల్లో, అంటే చెనిక్కాయల్లో, కొవ్వు ఉంటుంది, తీపి ఉండదు. రెండూ కలిసిన చోట 'చాలు' అనే కబురు మెదడుకు ఆలస్యంగా చేరుతుంది. పీచు లేదు, నీరు లేదు, నమలాల్సిన పని కూడా పెద్దగా లేదు. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2019లో ఇరవై మందిని పరిశోధనశాలలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు వండిన తిండి పెట్టింది. రెండింటిలోనూ ఎదుట పెట్టిన చక్కెర, కొవ్వు, పీచు సమానమే, ఎంత తినాలన్నది వాళ్ల ఇష్టం. ఫ్యాక్టరీ తిండి వారాల్లో రోజుకు 500 కేలరీల దాకా ఎక్కువ తిన్నారు. పెద్దవాళ్లే అలా ఉంటే ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని 'ఆశపోతు' అని తిట్టడం అన్యాయం.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. బిస్కెట్టు వద్దు, చిక్కీ ముద్దు అనడం ఇప్పుడు వాడుక. మన బడుల్లో మధ్యాహ్న భోజనంతో పిల్లలకు చిక్కీ కూడా ఇస్తున్నారు. బుడ్డలూ బెల్లం సగం సగం అనుకుంటే పాతిక గ్రాముల చిక్కీలో బెల్లం పన్నెండున్నర గ్రాములు. పాతిక గ్రాముల జామ్ బిస్కెట్లలో చక్కెర తొమ్మిది గ్రాములు. తీపి లెక్కలో చిక్కీయే ముందుంది! బెల్లంలో ఇనుము ఉన్న మాట నిజమే, అయినా పంటికీ ప్రేగుకూ అది చక్కెరే. చిక్కీ గెలిచేది వేరే చోట. మాంసకృత్తులు మూడు గ్రాములు, అంటే బిస్కెట్లకు రెట్టింపు దాటి. కొవ్వు బుడ్డలది, గుండెకు మేలైన రకం. పీచు ఉంది. నమలక తప్పదు. తీపి లేకుండా అదంతా కావాలంటే గుప్పెడు ఉడకేసిన బుడ్డలు తింటే చాలు, వంద గ్రాముల ఎండు గింజల్లో మాంసకృత్తులు 23 గ్రాముల పైన. మా చేలల్లో పండేదే.

బిస్కెట్టుకు మన ఇళ్లలో ఇంత గౌరవం ఎలా వచ్చిందో ఆలోచిస్తే నాకు ఆసుపత్రి మంచాలు గుర్తొస్తాయి. జ్వరమొస్తే రొట్టె వద్దు, బ్రెడ్డూ బిస్కెట్టూ పెట్టమనేవారు. చూడటానికి వచ్చే చుట్టాలు కూడా ఒక ప్యాకెట్టు తెచ్చేవాళ్లు. రోగికి పెట్టేది కాబట్టి బలమైనదే అయ్యుండాలని ఊరు తేల్చుకుంది. కలకత్తాలో 1892లో మొదలైన బ్రిటానియా గానీ, బొంబాయి విలే పార్లేలో 1929లో పుట్టి పదేళ్లకు బిస్కెట్లలోకి దిగిన పార్లే గానీ అమ్మింది తేలిగ్గా అరిగే, చెడిపోకుండా నిలిచే తిండి. యుద్ధకాలంలో, కరువుకాలంలో ఆ గుణం చిన్నది కాదు. జామ్ బిస్కెట్టు ఆ గౌరవాన్ని వారసత్వంగా తీసుకుంది, పని మాత్రం వేరే. అది మిఠాయి. బేకరీ వేషంలో ఉన్న మిఠాయి. జాతరలో జిలేబీ తిన్నట్టు తింటే దానితో ఎవరికీ పేచీ లేదు, నేను కూడా తింటాను. జిలేబీని పొద్దున తిండిగా పెట్టి పిల్లవాణ్ని బడికి పంపం కదా.

ఇవన్నీ ప్యాకెట్టు మీదే రాసి ఉంటాయి, రాయడం తప్పనిసరి. పదార్థాలను బరువు ప్రకారం పెద్దది ముందు, చిన్నది వెనక రాయాలి. మైదా తర్వాతి చోటు సాధారణంగా చక్కెరదే. గ్లూకోజు పాకం, ఇన్వర్ట్ పాకం, మాల్టోడెక్స్‌ట్రిన్ అని చక్కెర తన బలగాన్ని వేరువేరు పేర్లతో కిందికి సర్దుకుంటుంది, వాటినీ కలుపుకోవాలి. పేరులోనో బొమ్మలోనో జామ్‌ను గొప్పగా చూపితే అది ఎంత శాతమో కూడా రాయాలి. ఇంకో గడిలో 'ఒక వడ్డన'కు రోజువారీ పరిమితిలో ఎంత శాతమో ఉంటుంది. అక్కడ జాగ్రత్త. ఆ శాతం వేసింది 2,000 కేలరీలు తినే పెద్ద మనిషికి, రోజుకు 50 గ్రాముల చక్కెర లెక్కన. నాలుగు బిస్కెట్లకు 14 గ్రాములు, 28 శాతమే కదా అనిపిస్తుంది. కానీ చక్కెరను మొత్తం కేలరీల్లో ఐదు శాతం లోపే ఉంచమని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. నాలుగైదేళ్ల పిల్లకు అది 17 గ్రాములు. నాలుగు బిస్కెట్లతో ఆ రోజు కోటా దాదాపు అయిపోయింది, టీ ఇంకా తాగలేదు.

చిలీ దేశం 2016లో ఈ అంకెల తంటా తీసేసి ప్యాకెట్టు ముందువైపే నల్లటి ఎనిమిది పలకల ముద్ర వేయించింది. అక్కడి హద్దులు వంద గ్రాములకు చక్కెర 10 గ్రాములు, సంతృప్త కొవ్వు 4 గ్రాములు, శక్తి 275 కేలరీలు. మన జామ్ బిస్కెట్టు ఆ దేశంలో అమ్మితే మూడు నల్ల ముద్రలు పడతాయి. చదువురాని అవ్వ కూడా ఆ మూడింటినీ లెక్కపెట్టగలదు. మన దగ్గర నక్షత్రాల రేటింగు పెడదామని 2022లో ఒక ముసాయిదా వచ్చింది. సగం చక్కెరా నూనే ఉన్న సరుకుకు ఒక నక్షత్రం ఇచ్చినా అది మెడలో పతకంలాగే కనిపిస్తుందని నా అభ్యంతరం.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. మన చట్టం ప్రకారం ఈ వివరాలన్నీ ఇంగ్లీషులో గానీ, దేవనాగరి హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగు వేస్తే వేయొచ్చు, వేయకపోతే అడిగేవాళ్లు లేరు. ఆస్పరిలో ప్యాకెట్టు కొనేది అవ్వ, తినేది మనవడు, రాసినవాళ్ల భాష ఇద్దరిదీ కాదు. జామ్ జామకాయే అనే నమ్మకం బతికి ఉందంటే దాన్ని కాపాడుతున్నది ఆ భాషే. తెలుగు తప్పనిసరి చేసేదాకా ఆ పని హైస్కూలు పిల్లలది. ఇంటికి వచ్చిన ప్యాకెట్టును వెనక్కు తిప్పి, సన్న అక్షరాలను తెలుగు చేసి అవ్వకు బిగ్గరగా చదివి వినిపించండి. మైదా, చక్కెర, పామాయిల్... పండు పేరు వచ్చేదాకా ఆపొద్దు.